మేడ మీది ట్యాంకు మూత గారికి

మూత గారికి,

మొగల్రాజపురంలోని మన అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీలు లేదు. కుశలం ప్రస్తుతం ఒకవైపే ఉంది. తమరు కులాసాగా ఉన్నారని నిన్న మేడ మీదికొచ్చి కళ్లారా చూశాను.

మే నెలలో వచ్చిన ఈదురుగాలికి తమరు ట్యాంకు మీదనుంచి ఎగిరి పిట్టగోడ పక్కన వెల్లకిలా పడ్డారు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరు తీసి పెట్టాలన్నదే తెలియలేదు. ట్యాంకు అందరిదీ కదా. ఈలోగా నాలుగో అంతస్తు పిన్నిగారు తమరిలో మంచి పళ్లెం ఉందని కనిపెట్టారు. ముందు మాగాయ ముక్కలు ఎండబెట్టారు, తరువాత గుమ్మడి వడియాలు. ఆగస్టులో ఎండ తొంగి చూసిన రోజల్లా చల్లమిరపకాయలు. ట్యాంకు మీద కూర్చున్నన్నాళ్లూ తమర్ని పలకరించిన నాథుడు లేడు. కిందపడ్డాక ఎంత పరపతి!

తమరు లేని లోటు తీర్చడానికి కింద మేం చేసిన యుద్ధం గురించి చెబుతాను. బీసెంట్ రోడ్డులో దోమల బ్యాట్లు రెండు కొన్నాం. ఒకటి మా నాన్నగారిది. రాత్రి ఏడున్నర వార్తలు చూస్తూ, కళ్లు టీవీ మీదనుంచి తిప్పకుండా, వెనక్కి ఊపి ‘టప్’మనిపిస్తారు. దోమ చచ్చిందో లేదో చూడరు, చప్పుడు చాలు ఆయనకు. హాల్లో లిక్విడ్ మెషీను, పడగ్గదిలో ఇంకోటి, వరండాలో కాయిలు. కాయిల్ వెలిగించగానే ముందు మా నాన్నగారు దగ్గుతారు, దోమ తరువాత ఆలోచించుకుంటుంది. శనివారం సాంబ్రాణిలో వేపాకు కలిపి ఇల్లంతా పొగ. వీటికి నెలకి నాలుగొందలు దాటుతోంది. తమర్ని తిరిగి బిగించడానికయ్యే ఖర్చు పదిహేను మెట్లు.

దోమలు ఎక్కడినుంచి వస్తున్నాయని వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. బందరు కాలువ అన్నారొకరు. కాదు, ఏలూరు కాలువ. రైవస్ కాలువను మరిచిపోతే ఎలా అని ఇంకొకరు. మూడు కాలువలు పారే ఊళ్లో ఉన్నందుకు నేరం మోపడానికి ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. నేనూ బొటనవేలు బొమ్మ పెట్టాను, అబద్ధమెందుకు. మన ట్యాంకు పేరు ఒక్కరూ ఎత్తలేదు. అందులోవి కృష్ణ నీళ్లు, శుభ్రమైనవి, అందరం వాటితోనే స్నానం చేస్తాం.

శుభ్రమైనవి కాబట్టే వచ్చిందట ఆ మహాతల్లి. మురుగు మన వీధి క్యూలెక్స్ దోమకిష్టం. మలేరియా మోసే అనాఫిలిస్‌కి ఆ వాసన పడదు. పట్టణాల్లో ఈ పని చూసుకునే అనాఫిలిస్ స్టెఫెన్సీకి బావులు, సంపులు, మూతలేని ట్యాంకులంటే ప్రాణం. మన ట్యాంకు ఆవిడకి పుట్టిల్లు. గుడ్డు పెట్టిన వారం, పది రోజులకి కొత్త దోమలు రెక్కలొచ్చి కిందికి దిగుతాయి, అదీ చీకటి పడ్డాక.

ఇవన్నీ నాకు చలిజ్వరం వచ్చాక తెలిశాయి. రోజు విడిచి రోజు, సాయంత్రం నాలుగింటికి. మన స్టేషనులో ఏ రైలూ అంత కచ్చితంగా వచ్చి ఎరగను. బెజవాడ ఉక్కలో మూడు దుప్పట్లు కప్పుకుని పళ్లు కటకటలాడించాను. ఎవరి ముఖంలోనూ నమ్మకం కనబడలేదు. రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది. మూడు రోజులు క్లోరోక్విన్, పధ్నాలుగు రోజులు ప్రైమాక్విన్. ఈ రెండోది ఎందుకంటే, వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని, అంతా అయిపోయిందనుకున్న కొన్ని నెలలకి మళ్లీ లేస్తుందట. అద్దె కట్టకుండా ఖాళీ చెయ్యని వాళ్లని చూశాం కానీ, ఇది మరీ దారుణం.

కేసు తేలింది కాబట్టి మలేరియా వర్కరు ఒకావిడ వచ్చింది. కాలువ వైపు చూడలేదు, సరాసరి మేడెక్కింది. గరిటెతో ట్యాంకులో నీళ్లు తీసి టార్చి వేసి నాకు చూపించింది.

“ఇవి చూడండి సార్, నీటి మీద అడ్డంగా పడుకున్నాయి. క్యూలెక్స్ పిల్లలైతే తలకిందులుగా వేలాడతాయి.”

“అయితే ఇవి?”

“మీ జ్వరం సార్.” కాసేపాగి, “మందు పోస్తాను, కానీ వచ్చే వారం మళ్లీ రావాలి. మూత ఉంటే నేను రానక్కర్లేదు. ఆ పొంగు గొట్టానికి కూడా చిన్న వల కట్టించండి” అంది. అప్పుడు మిరపకాయల కింద ఉన్న తమర్ని చూసింది. ఏమీ అనలేదు, పాపం.

మలేరియాని మోసేది దోమేనన్నది మన తెలుగు నేల మీద బయటపడ్డ రహస్యమే కదా మూత గారూ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకి తన రక్తం తాగనిచ్చిన హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ముట్టింది. నాకు అదీ లేదు. అంతకు చాలాముందు రాస్ బెంగుళూరులో ఉన్నప్పుడు, తొట్టెల్లో నీళ్లు పారబోస్తే దోమలు తగ్గుతాయని పటాలం అధికారికి చెబితే, దోమల్ని ఏదో ప్రయోజనానికే సృష్టించారు, మనం ఓర్చుకోవాలి అన్నాడట ఆయన. ఆ అధికారి మన అసోసియేషన్ సెక్రటరీగా మళ్లీ పుట్టాడని నా అనుమానం.

తమర్ని ఒక్కర్నే అని లాభమేముంది? దేశమే ఒకసారి ఇలా చేసింది. 1965 నాటికి మలేరియా కేసులు లక్షకి దిగితే, హమ్మయ్య అనుకుని పట్టు సడలించారు. 1976లో 64 లక్షలు. శుక్రవారం డ్రై డే అని, నిలవనీళ్లు పారబోయమని వారం వారం చెబుతున్నారు. మనం శుక్రవారం గడపకి పసుపు రాస్తాం, కూలర్ నీళ్ల జోలికి వెళ్లం.

నిన్న పైకొచ్చింది తమర్ని తీసుకెళ్లి ట్యాంకు మీద పెట్టాలనే. చెయ్యి వెయ్యబోతే పిన్నిగారు వెనకనుంచి, “అబ్బాయ్, ఆగు ఆగు! మిరపకాయలు ఇంకా తడిగానే ఉన్నాయి. నాలుగు ఎండలు తగలనీ” అన్నారు. ఈ వానల్లో నాలుగు ఎండలు ఎప్పటికొస్తాయో. సరేనన్నాను. కిందికి దిగుతుంటే పిలిచి, వేయించినవి ఒక గిన్నెలో పెట్టిచ్చారు. జ్వరం నోటికి ఎంత రుచిగా ఉన్నాయో చెప్పలేను.

ఇట్లు,
తొమ్మిదో రోజు ప్రైమాక్విన్‌లో ఉన్న,
మూడో అంతస్తు అబ్బాయి