ముందు ఒక ఇల్లు అద్దెకు తీసుకుందాం

గత దీపావళి సంబరాలకు బార్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద అమెరికాలోని మన తెలుగు సంఘం కమిటీ రెండు గంటలు వాదించుకుంది. నేనూ అందులో ఉన్నాను. తీరా ఆ సాయంత్రం, తాగుడు మాన్పించే రిహాబ్ కేంద్రం నుంచి వచ్చి రెండు వారాలైన మిత్రుడొకాయన హాల్లోకి రాకుండా పార్కింగ్‌లో కారులోనే కూర్చున్నాడు. తన పాప డాన్సు మొదలయ్యే ముందు మెసేజ్ పెట్టమన్నాడు. లోపలికొస్తే ఎవరో ఒకరు "ఒక్క పెగ్గే కదా బావా" అంటారని ఆయన భయం. అనేవాళ్ళమే.

నెల్లాళ్ళు వైద్యం చేయించుకున్న మనిషి తిరిగి ఎక్కడికి వస్తాడు? అదే ఇల్లు, అదే గ్యారేజ్‌లో ఫ్రిజ్, అదే వీకెండ్ బ్యాచ్. భార్య కాపలా కాయాలి, ఇండియాలో అత్తమామలకు అబద్ధం చెప్పాలి. వీసా మీద ఉన్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. తాగి నడుపుతూ దొరికితే వీసా రద్దు కావచ్చు. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్న ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఇక నోరెవరు విప్పుతారు?

అందుకే మన సంఘం ఒక సోబర్ హోమ్‌కు ఇల్లు చూడాలంటున్నాను. ఆసుపత్రి కాదు, ఆశ్రమం అసలే కాదు. మానేసినవాళ్ళు కలిసి ఉంటూ, ఉద్యోగాలకు వెళ్తూ, అద్దె పంచుకునే మామూలు ఇల్లు. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక హాఫ్‌వే హౌస్ (వైద్యం తర్వాత కొన్నాళ్ళు ఉండే ఇల్లు) మూతపడబోతుంటే, పాల్ మలోయ్ అనే ఆయన, అక్కడే ఉంటున్న మరికొందరు కలిసి ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. అదే మొదటి ఆక్స్‌ఫర్డ్ హౌస్. ఇప్పుడవి మూడు వేలు దాటాయి. మేనేజరు ఉండడు. ఇంటి ఖర్చు ఇంట్లోవాళ్ళదే. మళ్ళీ తాగినవాడు బయటికి వెళ్ళాలి. కొత్త మనిషిని చేర్చుకోవాలంటే ఉన్నవాళ్ళలో 80 శాతం ఒప్పుకోవాలి. పదవులు ఆరు నెలలకోసారి మారతాయి (ఈ ఒక్క నిబంధనైనా మన సంఘం అరువు తెచ్చుకుంటే బాగుండు).

కాబట్టి మన పని డిపాజిట్, మొదటి కొన్ని నెలల అద్దె. అంతే. గోడ మీద దాతల పేర్లు వద్దు, ప్రారంభోత్సవం ఫొటోలు వద్దు. మన సభల్లో స్పాన్సర్ అంటే ముందు వరసలో కుర్చీ, శాలువా. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్ళ బృందం) మీటింగుల్లో స్పాన్సర్ అంటే రాత్రి రెండింటికి ఫోనెత్తేవాడు. మనకు కావలసింది ఈ రెండో రకం.

ఇన్సూరెన్స్ బిల్లుల జోలికి అసలు పోకూడదు. అరిజోనాలో సోబర్ హోమ్‌ల పేరు చెప్పి నేటివ్ అమెరికన్లను చేర్పించుకుని, చేయని వైద్యానికి ప్రభుత్వ వైద్య బీమా నుంచి డబ్బు గుంజిన ముఠాల బాగోతం 2023లో బయటపడింది. ఆ ఇళ్ళు మూతపడ్డాక ఎంతోమంది వీధిన పడ్డారు.

ఇంకో మాట. తాగాలన్న యావ తగ్గడానికి డాక్టరు నల్ట్రెక్సోన్ లాంటివి రాస్తే, "మందు మానడానికి మళ్ళీ మందా" అని వెక్కిరించేవాళ్ళు మనలో ఉన్నారు. రెండింటికీ ఒకే మాట ఉండటం మన భాష చేసిన తమాషా. ఆ మాత్రలు వాడేవాళ్ళకు తలుపు మూయకూడదు.

ఇరుగుపొరుగు ఊరుకోరు అంటారా? చికిత్స తీసుకుని మానేసినవాళ్ళకు 1988 నుంచీ, ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టం అండ ఉంది. రక్తసంబంధం లేనివాళ్ళు ఒకే ఇంట్లో ఐదుగురికి మించకూడదని వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ నగరం పట్టుబడితే, ఆ నిబంధన కూడా ఈ చట్టానికి లోబడాల్సిందేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే చట్టం ప్రకారం "తెలుగువాళ్ళకు మాత్రమే" అని మనమూ బోర్డు పెట్టలేం. మంచిదే. అందరూ మనవాళ్ళే అయితే ఎవరో ఒకరి తోడల్లుడు తేలతాడు, గుట్టు నిలవదు. ఎవరైనా ఉండొచ్చు, వంటింట్లో రైస్ కుక్కర్, ఆవకాయ సీసా ఉంటే చాలు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. చేతులెత్తే పద్ధతి వద్దు, చీటీల మీద ఓటింగ్ పెట్టమని అడుగుతాను. ఎవరింట్లో ఈ బాధ ఉందో వాళ్ళే అందరి ముందూ చెయ్యెత్తడానికి జంకుతారు.