సెన్సార్ అంటించి పంపేస్తే సరిపోదు, చదవడం కూడా నేర్పండి

నిన్న రాత్రి ఒకావిడ మెసేజ్ పెట్టారు. "అక్కా, పొద్దున చేతికి షుగర్ సెన్సార్ పెట్టారు. సాయంత్రంలోపు మూడుసార్లు ఏడ్చాను. పీకి పారేద్దామనిపిస్తోంది" అని. ఈ సెన్సార్ అంటే, చేతికి అంటించుకుంటే షుగర్ అంకెను ఎప్పటికప్పుడు ఫోన్‌లో చూపించే చిన్న బిళ్ల. ఏమైందమ్మా అని అడిగితే, మధ్యాహ్నం భోజనం చేసిన గంటకి 212 చూపించిందట. ఆ అంకె చూసి భయపడి రాత్రి తిండి మానేశారట. ఇన్సులిన్ వేసుకునే మనిషి తిండి మానేశారు!

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. సెన్సార్ పెట్టి, అయిదు నిమిషాల్లో ఇంటికి పంపేసినవాళ్ల మీద వచ్చింది. రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇలాగే జరిగింది.

నాకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. అందులో 6 ఏళ్లుగా ఇన్సులిన్. రోజుకి నాలుగైదుసార్లు గుచ్చీ గుచ్చీ వేళ్ల చివర్లు గరుకెక్కిపోయాయి. అందుకే సెన్సార్ అనగానే ఎంతో సంబరపడ్డాను. పెట్టేటప్పుడు అప్లికేటర్‌లో సూది చూసి గట్టిగా కళ్లు మూసుకున్నాను కానీ, టక్‌మన్న చప్పుడు తప్ప నాకేమీ తెలియలేదు. ఆ సూది లోపలే ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. అది దారి చేసి వెనక్కి వచ్చేస్తుంది. చర్మం కింద మిగిలేది సుమారు అర సెంటీమీటరు పొడవున్న సన్నటి, మెత్తటి పోగు. దాని మీద ఉన్న ఎంజైమ్ గ్లూకోజ్‌తో చర్య జరిపితే చిన్న కరెంట్ పుడుతుంది, ఆ కరెంటే ఫోన్‌లో అంకెగా మారుతుంది.

ఇదేదీ అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఒక్కటే. "ఇక వేళ్లు గుచ్చుకునే పనే లేదమ్మా, ఆ స్ట్రిప్పుల మిషన్ అవతల పడేయండి." ఆ మాట నమ్మి మిషన్‌ని అల్మరా పైఅరలో పెట్టేశాను.

రెండో రాత్రి. టైం రెండుంపావు. ఫోన్ అరుపుకి లేచాను. స్క్రీన్ మీద ఎర్రగా 56. నాకు చెమట లేదు, వణుకు లేదు, గుండె దడ లేదు. అయినా అంకె 56 అంటోంది కదా అని వంటింట్లోకి వెళ్లి గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగాను. మూడు నిమిషాలకి చూస్తే 58. ఇంకో మూడు నిమిషాలకి 61. మళ్లీ రెండు చెంచాలు. కాసేపటికి ఇంకో రెండు. మూడున్నరకి 265, పక్కనే నిటారుగా పైకి బాణం. కంగారులో ఇన్సులిన్ వేసుకున్నాను. ముప్పావుగంట అయినా దిగడం లేదని మళ్లీ వేసుకున్నాను. ఆరున్నరకి మా ఆయన లేపితే నా మాట తడబడుతోంది, జాకెట్ చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆయన ఆ పాత మిషన్ వెతికి తెచ్చి వేలు గుచ్చితే 43.

ఆ రాత్రి అసలేం జరిగిందో నాకు అర్థమవడానికి నెలపైనే పట్టింది. సెన్సార్ ఉన్న ఎడమ చేతి మీదకే తిరిగి పడుకున్నాను. బరువు పడి అక్కడ చర్మం నొక్కుకుపోతే, ఆ పోగు చుట్టూ ద్రవం కదలిక తగ్గి, రీడింగ్ దొంగగా కిందికి పడుతుంది. అవతలి పక్కకి తిరిగి పడుకుంటే కాసేపట్లో దానంతటదే సర్దుకుంటుంది. నా షుగర్ అప్పుడు పడిపోనే లేదు. పడిపోయింది తెల్లారి, అదీ నేను ఒకదాని మీద ఒకటి వేసుకున్న ఇన్సులిన్ వల్ల. భోజనానికి ముందు వేసుకునే రకం ఇన్సులిన్ ఒంట్లో నాలుగు గంటల దాకా పనిచేస్తుంది. మొదటి డోసు పని ఇంకా సగం కూడా అవ్వకముందే రెండోది వేసుకుంటే అంతే.

లక్షణాలు ఒకలా, అంకె ఒకలా ఉంటే ముందు వేలు గుచ్చి చూసుకోవాలి. ఈ ఒక్క వాక్యం ఆ అయిదు నిమిషాల్లో నాకు చెప్పి ఉంటే చాలు.

అసలు సెన్సార్ చూసేది రక్తాన్ని కాదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. కాలువలో నీళ్లు వదిలితే చివరి మడికి చేరడానికి టైం పడుతుంది కదా, అలాగే రక్తంలో గ్లూకోజ్ మారాక ఆ మార్పు ద్రవంలోకి రావడానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. కాలువ నిలకడగా పారుతుంటే రెండుచోట్లా ఒకటే మట్టం. తినగానే, నడుస్తున్నప్పుడు, షుగర్ పడిపోయి (లో అయి) గ్లూకోజ్ తాగిన వెంటనే మాత్రం మడి వెనకబడి ఉంటుంది. నేను మూడేసి నిమిషాలకి చూసుకుంటూ ఇంకా పెరగలేదని తాగుతూ పోయింది ఇందుకే. నిజంగా లో అయితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలు ఆగి, వేలు గుచ్చి చూసుకోవాలి. ఆ 15 నిమిషాలు ఫోన్ వైపు చూడకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు.

"మిషన్‌లో 128, సెన్సార్‌లో 142, ఏది అబద్ధం?" అని చాలామంది అడుగుతారు. ఏదీ అబద్ధం కాదండీ. స్ట్రిప్పుల మిషన్లకే అంతర్జాతీయ ప్రమాణం 15 శాతం అటూఇటూ ఒప్పుకుంటుంది. ఇప్పటి మంచి సెన్సార్ల సగటు తేడా 8, 9 శాతం దగ్గర ఉంటుంది. మొదటి రోజు ఇంకాస్త ఎక్కువే తేడా ఉండొచ్చు, పోగు లోపల సర్దుకోవాలి కాబట్టి. కాబట్టి మొదటి 24 గంటల అంకెలు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పైగా కొన్ని మందులు కూడా సెన్సార్‌ని తికమక పెడతాయి. లిబ్రే అనే బ్రాండ్ సెన్సార్లలో కొన్ని రకాల్లో రోజుకి 500 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి మాత్రలు వేసుకుంటే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. జలుబు చేసిందని విటమిన్ సి మింగేవాళ్లు ఎంతమంది లేరు! మీరు వేసుకునే మాత్రలన్నీ డాక్టర్‌కి చెప్పి, మీ సెన్సార్‌కి ఏవి పడవో అడగండి.

కొందరికి ఫోన్‌లో 7.2, 9.4 అని చూపిస్తుంది. యాప్ సెట్టింగ్‌లో యూనిట్ వేరేది ఉందన్నమాట. 18తో గుణిస్తే మనకు అలవాటైన అంకె వస్తుంది.

ఇక నా అసలు మాట. మొదటి రెండు వారాలు దేన్నీ మార్చకండి. డాక్టర్ రాసిన మందులు, డోసులు, మీ మామూలు తిండి, మామూలు నిద్ర అలాగే ఉండనివ్వండి. నిజంగా లో అయితే సరిచేసుకోవడం, ఎక్కువసేపు 300 దాటి ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయడం, ఈ రెండూ తప్పవు. మిగతాదంతా కేవలం చూడండి. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు నడిచారు, ఎప్పుడు గొడవపడ్డారు, ఎప్పుడు నిద్ర పట్టలేదు, యాప్‌లోనే నోట్ చేసుకోండి. నేను మూడో సెన్సార్‌కి గానీ ఇది నేర్చుకోలేదు. తెల్లవారుజామున ఏమీ తినకుండానే యాప్‌లో నా షుగర్ గీత 110 నుంచి 160కి ఎక్కుతోందని అప్పుడే గమనించాను. అన్నేళ్లూ పొద్దున షుగర్ ఎక్కువుంటే రాత్రి ఏదో ఎక్కువ తిన్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. తెల్లవారుతుండగా కార్టిసాల్‌లాంటి హార్మోన్లు పెరిగి, కాలేయం గ్లూకోజ్ వదులుతుందట. నా తప్పేమీ లేదని తెలిసిన రోజు మంచం మీద కూర్చుని ఆ గీతని ఎంతసేపు చూశానో.

అంకె కంటే బాణం ముఖ్యం. 110 పక్కన అడ్డబాణం ఉంటే హాయిగా ఉండొచ్చు. అదే 110 పక్కన నిటారుగా కిందికి బాణం ఉంటే నిమిషానికి 2 చొప్పున, ఇంకా ఎక్కువ కూడా పడుతోందని అర్థం. అరగంటలో 50కి వచ్చేస్తారు. బండి తాళం తీసే ముందు ఆ బాణం చూడాలి.

212 చూసి ఏడ్చిన మా చెల్లెమ్మకి ఇది. 2019లో అంతర్జాతీయ నిపుణులంతా కలిసి పెట్టిన లక్ష్యం ప్రకారం, షుగర్ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి రోజులో 70 శాతం సమయం 70 నుంచి 180 మధ్య ఉంటే చాలు. అంటే సుమారు 17 గంటలు. 180 దాటి పావువంతు లోపు, అంటే దాదాపు 6 గంటల దాకా ఉన్నా మీరు లక్ష్యంలోనే ఉన్నట్టు. మధ్యాహ్నం తిన్న గంటకి కాసేపు 212 వస్తే ఏ కొంపా మునగదమ్మా. లెక్కలో కఠినంగా ఉన్నది కింది వైపే. 70 కంటే తక్కువ 4 శాతం లోపే, అంటే రోజుకి గంట కూడా దాటకూడదు. 54 కంటే తక్కువ 1 శాతం లోపు. వయసు మళ్లినవాళ్లకి, లో అయితే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకి లక్ష్యం ఇంకా సడలిస్తారు, సగం సమయం మధ్యలో ఉంటే చాలు, కానీ 70 కింద 1 శాతం దాటకూడదు. గర్భిణులకి 63 నుంచి 140, వాళ్ల లెక్క వేరు. మీ లక్ష్యం ఏమిటో మీ డాక్టర్‌ని నోరు తెరిచి అడగండి.

సగటు ఒక్కటే చూసి మురిసిపోయేవాళ్లకీ ఒక మాట. సగటు 154 అంటే మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష (హెచ్‌బీఏ1సీ)లో దాదాపు 7 శాతం. రోజంతా 130, 170 మధ్య తిరిగే మనిషికీ అదే 154 రావచ్చు. రాత్రి 50కి పడి, పగలు 280కి ఎగిరే మనిషికీ అదే రావచ్చు. ఈ తేడా చూపించడానికే కదా ఈ సెన్సార్! మరి నా రెండు వారాల రిపోర్ట్ ప్రింట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే, మొదటి పేజీలో సగటు మాత్రం చూసి "బాగానే ఉందమ్మా" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఆ గీత ఎలా ఊగుతోందో చూడనే లేదు. అది అడిగి చూపించుకోవడానికి నాకు ధైర్యం రావడానికి ఇంకో రెండు విజిట్లు పట్టింది. వెయిటింగ్ హాలు నిండా జనం ఉంటారు, డాక్టర్లకి టైం ఉండదు, నాకు తెలుసు. కానీ 14 రోజుల బొమ్మ ఒక్క పేజీలో వస్తుంది. దాని మీద వేలు పెట్టి "ఇక్కడ పడుతున్నారు, ఇక్కడ లేస్తున్నారు" అని చెప్పడానికి ఎంతసేపు కావాలి? డాక్టర్‌కి కుదరకపోతే నర్సు చెప్పొచ్చు, డైటీషియన్ చెప్పొచ్చు. నేర్పే మనిషి లేనప్పుడు సెన్సార్ రాయడం సగం వైద్యమే.

ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, ఇది రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. మా అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంది. నా రీడింగులు తన ఫోన్‌కి వెళ్లేలా పెట్టుకుంది. ప్రేమతోనే. కానీ రోజుకి ఏడెనిమిదిసార్లు ఫోన్. "అమ్మా, 190 ఏంటి? ఇప్పుడేం తిన్నావ్?" "అమ్మా, మళ్లీ పెరుగుతోంది, లేచి నడువు." మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత సంజాయిషీ చెప్పుకునేదాన్ని. ఒకరోజు నా ఫోన్‌ని మేడ మీద గదిలో పెట్టి, కిందికొచ్చి భోజనం చేశాను. దూరమైతే సిగ్నల్ అందదు, అప్పటికి రీడింగ్ తనకి కనపడదు. 50 దాటిన మనిషిని, నా ఇంట్లో నేను, నా కూతురికి దొరక్కుండా తిన్నాను.

అది తనకి చెప్పినప్పుడు ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు తన ఫోన్‌కి 70 కిందికి పడితేనే అలారం వెళ్తుంది. అలారం మోగిందా, కాల్ చేసి "గ్లూకోజ్ తీసుకున్నావా అమ్మా?" అని మాత్రం అడుగుతుంది. అంతకుమించి అడగదు. పెద్దవాళ్లకి, పిల్లలకి సెన్సార్ పెట్టించిన ప్రతి ఇంట్లోనూ ఈ ఒప్పందం మొదటి రోజే జరగాలి.

నా అలారాలు కూడా తగ్గించుకున్నాను. మొదట 160 దాటితే మోగేలా ఉండేది, నాలుగు రోజులకి ఆ చప్పుడు చెవికెక్కడం మానేసింది. అలా అలవాటైపోతే అసలైన లో అలారం కూడా వినిపించకుండా పోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌తో మాట్లాడి పైది 250కి పెట్టుకున్నాను, కిందది 70 దగ్గరే ఉంచాను.

అన్నట్టు, చర్మానికి ఏమీ గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీలు, ఉంగరాలు అంటూ ప్రకటనలు వస్తున్నాయి. నమ్మకండి. అలా సొంతంగా కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. సెన్సార్ నుంచి వచ్చిన అంకెను వాచీలో చూసుకోవడం వేరు, అది మంచిదే.

పెట్టుకునే పద్ధతి గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పై చేతి వెనక వైపు, మెత్తగా ఉన్నచోట, పోయినసారి పెట్టిన చోట మాత్రం వద్దు. సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించాలి. లోషన్, నూనె ఉంటే నిలవదు. దురద, ఎర్రటి దద్దుర్లు వస్తే ఓర్చుకోకండి, కొందరికి ఆ జిగురు పడదు, చూపించుకోవాలి. స్కానింగులకి వెళ్తే సెన్సార్ ఉందని ముందే చెప్పండి.

నాది రేపటికి 14 రోజులు పూర్తవుతుంది. కొత్తది పెట్టాక మొదటి గంట రీడింగ్ ఉండదు, కొన్ని రకాల్లో అరగంట, కొన్నిట్లో రెండు గంటలు. ఆ ఖాళీ రాత్రి నిద్రలో పడకూడదని పొద్దున్నే మారుస్తాను. ఈసారి కుడి చేతికి. స్ట్రిప్పుల మిషన్ ఇప్పుడు అల్మరాలో లేదు, తలగడ పక్కనే ఉంటుంది. చెల్లెమ్మా, ముందు వెళ్లి ఏదైనా తిను. తిన్నాక మెసేజ్ పెట్టు, నీ గీత ఇద్దరం కలిసి చూద్దాం.