పట్టు సరే, గుండెకు విడుపు ఏది?

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే అందరూ అనే మాట ఒకటే: గుండెకు బలం చాలడం లేదు. ఈ మాటే వైద్యాన్ని చాలాకాలం పక్కదారి పట్టించింది. బలం తగ్గింది కాబట్టి బలం పెంచుదామన్నారు. కణంలో కాల్షియం పెంచి గుండెను గట్టిగా పిండించే మిల్‌రినోన్ మాత్రలను జబ్బు బాగా ముదిరిన 1,088 మందితో జరిగిన అధ్యయనంలో పరీక్షించారు. 1991లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువ! డస్సిన ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుంది, ఆ తర్వాత కూలబడుతుంది.

చెడింది ముడుచుకునే పట్టు ఒక్కటే కాదు, సడలే విడుపు కూడా. దాని గురించి మనం చాలినంత మాట్లాడటం లేదు.

గుండె కండరంలో మయోసిన్ అనే ప్రోటీన్ యాక్టిన్ పోగును పట్టుకుని లాగితే గుండె ముడుచుకుంటుంది. కాల్షియం వచ్చి, యాక్టిన్ పోగు మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటేనే ఆ పట్టు సాధ్యం. పని అయ్యాక కాల్షియం అక్కడి నుంచి వెళ్లిపోవాలి. దాన్ని తోడి కణంలోని నిల్వ గదిలోకి పంపే పంపు పేరు సెర్కా. ఫాస్ఫోలాంబన్ అనే మరో ప్రోటీన్ ఆ పంపుకు బ్రేకు. మెట్లెక్కేటప్పుడు అడ్రినలిన్ వచ్చి ఫాస్ఫోలాంబన్‌కు ఫాస్ఫేట్ తగిలించి బ్రేకు తీస్తుంది. ట్రోపోనిన్‌లో ఒక భాగమైన ట్రోపోనిన్-ఐకి కూడా ఫాస్ఫేట్ తగిలించి, కాల్షియాన్ని త్వరగా వదిలేలా చేస్తుంది. గుండె వేగంగా ముడుచుకోవడమే కాదు, అంతే వేగంగా సడలుతుంది.

ఫెయిలవుతున్న గుండెలో ఈ ఏర్పాటంతా చెదిరిపోతుంది. నెలల తరబడి అడ్రినలిన్ లాంటి హార్మోన్లు తరుముతుంటే, కణం తనను తాను కాపాడుకోవడానికి, ఆ హార్మోన్ల సంకేతాన్ని అందుకునే బీటా గ్రాహకాలను తగ్గించుకుంటుంది. ఫాస్ఫేట్ గుర్తులు పడటం తగ్గుతుంది. సెర్కా పని మందగిస్తుంది, ట్రోపోనిన్ కాల్షియాన్ని పట్టుకుని వదలదు. ఆరోగ్యమైన గుండె వేగం పెరిగేకొద్దీ ఎక్కువ బలంతో ముడుచుకుంటుంది. జబ్బు గుండెలో వేగం పెరిగితే బలం పెరగకపోగా తగ్గుతుంది. నాలుగు మెట్లెక్కేసరికి రోగికి ఆయాసం ఎందుకొస్తుందో ఇక్కడే చాలావరకు తెలిసిపోతుంది. గుండె పరుగెత్తుతోంది, కానీ సడలే తీరిక లేదు. సడలకపోతే రక్తం నిండదు, నిండనిది పంపలేదు.

దీనికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం, ఆ గ్రాహకాలకు అడ్రినలిన్ అంటకుండా అడ్డుకునే బీటా బ్లాకర్లు. గుండె వేగాన్ని తగ్గించి, మొదట్లో బలాన్ని కూడా తగ్గించే ఈ మందులను ఒకప్పుడు హార్ట్ ఫెయిల్యూర్ రోగులకు ఇవ్వకూడదనేవారు. 1999లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఈ మందులతో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఈ మందులతో కోలుకున్న గుండెల నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే సెర్కా జన్యువూ, చురుకైన ఆల్ఫా మయోసిన్ జన్యువూ మళ్లీ పుంజుకున్నాయి. అంటే, తరమడం ఆపితే గుండె తన ప్రోటీన్లను తానే సరిదిద్దుకోగలదు!

బలం పెంచే మందులకు చోటే లేదని నేను అనడం లేదు. రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లిన రోగికి ఆ గంటలో అవే దిక్కు. కాల్షియం పెంచకుండా నేరుగా మయోసిన్‌పై పనిచేసే ఒమెకామ్టివ్ మెకార్బిల్ అనే మందును కూడా కొందరు ఉదాహరణగా చూపిస్తారు. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో అది గుండె జబ్బు ముదరడాన్నీ గుండె జబ్బు మరణాలనూ కలిపి చూస్తే 8 శాతం తగ్గించింది. మరణాలను విడిగా చూస్తే తేడా లేదు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇవ్వలేదు.

ఇదంతా నన్ను ఇంకో ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తోంది: మనం ఎవరి గుండెను చూసి మనిషికి మందు చేస్తున్నాం? ప్రయోగాలకు వాడే చిట్టెలుక గుండె నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకుంటుంది. దాని మయోసిన్ దాదాపు అంతా ఆల్ఫా రకం. మన జఠరికల్లో, అంటే గుండె కింది గదుల్లో, తొంభై శాతానికి పైగా నెమ్మదైన బీటా రకమే. వేగమే వేరు, యంత్రమే వేరు. ఎలుకలు నేర్పింది చాలా ఉంది, కానీ చివరి మాట వాటిది కాకూడదు.

మనిషి గుండె దొరకడం కష్టమే. మార్పిడి సమయంలో తీసేసిన జబ్బు గుండె, మార్పిడికి పనికిరాని దాత గుండె, ఈ రెండే ముఖ్యమైన దారులు. ఆ దాత గుండెతోనూ ఒక చిక్కు ఉంది. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి శరీరంలో అడ్రినలిన్ పోటెత్తుతుంది, ఫాస్ఫేట్ గుర్తులు మామూలు కంటే ఎక్కువ పడి ఉండవచ్చు. అలాంటి గుండెతో పోల్చి జబ్బు గుండెలో గుర్తులు తగ్గాయంటే ఎంతవరకు నమ్మాలి? నమూనాలు పెరిగితేనే, రకరకాల పరిస్థితుల్లో సేకరిస్తేనే ఈ సందేహం తీరుతుంది. సిడ్నీలోని హార్ట్ బ్యాంక్ ఇలాంటి ముక్కలను ద్రవ నైట్రోజన్‌లో దాచి పరిశోధకులకు అందించింది. అలా గడ్డకట్టించడం ఆలస్యమైతే ఫాస్ఫేట్ గుర్తులు చెదిరిపోతాయి. అందుకే మార్పిడి చేసే ప్రతి ఆస్పత్రిలో కుటుంబాన్ని పరిశోధనకు అనుమతి అడిగే మనిషి ఒకరు, ఆపరేషన్ థియేటర్ పక్కనే ద్రవ నైట్రోజన్ డబ్బా ఒకటి ఉండాలి.