మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారి సముఖమునకు

దూరవిద్యలో ఎమ్మే తెలుగు చదువుకుంటున్న అంధ విద్యార్థిని నమస్కరించి వ్రాయు విన్నపములు. ఇచ్చట నేను క్షేమం. తమరు మా కోర్సు పోర్టల్‌లో 43 పేజీల నిండు విగ్రహంతో కొలువై ఉన్నారని విన్నాను. తోటివాళ్ళు చెబితే విన్నాను లెండి. నా కంప్యూటర్ మాత్రం తమరిని తెరిచిన ప్రతిసారీ ‘ఖాళీ డాక్యుమెంట్’ అంటోంది.

దాన్ని కోప్పడకండి. ఎన్‌వీడీఏ అనే ఆ స్క్రీన్ రీడర్‌కి అబద్ధమాడటం తెలియదు. 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అక్షరం దొరికితే చాలు, గడగడా చదివేస్తుంది. తమరిలో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. గోడ మీద దండేసి ఉన్న ఫొటోని పలకరిస్తే పలుకుతుందా?

తమరి అందచందాలు మా అక్క చెప్పింది. ఎడమ పక్కంతా స్పైరల్ బైండింగ్ నీడ. 12వ పేజీలో జిరాక్స్ షాపు కుర్రాడి బొటనవేలు. 20వ పేజీ తలకిందులు. (కళ్ళున్నవాళ్ళు ఆ పేజీ దగ్గర మెడ వంచి చదువుతున్నారట. సమానత్వం అంటే ఇదేనేమో.)

ఊరుకోలేక ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాల్ని పోల్చుకుని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టి చూశాను. తమరి ఛందస్సు యూనిట్‌లో ఉత్పలమాలకి గణవిభజన చేసి, పద్యం నెత్తిన గురులఘువులు వేశారు కదా. ఓసీఆర్ వాటన్నిటినీ తల మీంచి పేలు ఏరినట్టు ఏరి, ఒక పక్కన కుప్ప పోసింది. స్క్రీన్ రీడర్ ఆ కుప్పను శ్రద్ధగా చదివింది: “యు ఐ ఐ యు ఐ యు ఐ ఐ ఐ...” భ, ర, న. అక్కడిదాకా తప్పు పట్టడానికి లేదు. ఏది ఏ అక్షరం మీదిదో తెలియకపోవడమొక్కటే కొరత.

తమరి తమ్ముడుగారు, అదే, పాత డీటీపీ ఫాంటులో చేసిన పీడీఎఫ్ గారు, ఇంకో రకం. ఆయనలో అక్షరాలున్నాయి, కానీ తెలుగువి కావు. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే కంప్యూటర్‌కి పరిచయం చేసే యూనికోడ్ రాకముందు, ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం కట్టిన కాలం నాటివి. చూసేవాళ్ళకి ‘అలంకారం’ అని కనిపించేదాన్ని నా చెవిలో ఇంగ్లీషు అక్షరాలు, డాలరు, స్టారు, కామా అని ఊదుతాడు. తమరు మౌనమైనా పాటిస్తారు, ఆయనకి ఆ మర్యాద కూడా లేదు.

తమరి మీద ఫిర్యాదు చేస్తే ఆఫీసులో ఏమన్నారో చెప్పనా? “టెక్స్ట్ ఫైలు ఇవ్వడం కుదరదమ్మా, కాపీరైట్ సమస్య.” పుస్తకం అట్టతో సహా స్కాన్ చేసి పోర్టల్‌లో పెట్టినప్పుడు నిద్రపోయిన కాపీరైట్, నేను అడగ్గానే ఉలిక్కిపడి లేచింది! మాలాంటివాళ్ళ కోసం పుస్తకాన్ని చదువుకోగల రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణతో ఆ కాపీరైట్ చట్టమే చెబుతోంది. చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందాలని దేశాలన్నీ కలిసి చేసుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ కూడా సమాచారం మాకు అందే రూపంలో ఉండాలంటుంది. డిజిటల్ సౌకర్యాలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఇవన్నీ ఏకరువు పెడితే ఆఫీసాయన ఓపిగ్గా విని, “మీరు మంచి తెలివైనవారమ్మా” అన్నారు.

మా బ్యాచ్‌లో వినపడని అబ్బాయి ఒకడున్నాడు. తమరంటే అతనికి ప్రాణం. అతని గొడవంతా వీడియో పాఠాలతోనే. గంటసేపు సారు బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు, క్యాప్షన్ ఒక్కటీ ఉండదు. అతనికి తమరు, నాకు వీడియోలు. ఇద్దరం కలిస్తే ఒక విద్యార్థి అవుతాం. ఫీజు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నారు.

ప్రస్తుతానికి నా పాఠ్యపుస్తకం మా అక్క గొంతు. వంట చేస్తూ తమరిని చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. అందుకని నా చంపకమాలలో మూడో పాదం దగ్గర కుక్కర్ విజిల్ వేస్తుంది. యతి అక్కడే పడిందని చాలా రోజులు అనుకున్నాను.

పరీక్షకి లోటు లేదు సుమండీ. రాసిపెట్టడానికి స్క్రైబ్‌ని ఇస్తారు. గంటకి 20 నిమిషాలు అదనపు సమయం కూడా ఇస్తారు. చదవని పాఠాన్ని గుర్తు తెచ్చుకోవడానికి అంత సమయం ఎందుకో అర్థం కాదు గానీ, ఇచ్చిందాన్ని కాదనడం మర్యాద కాదని కూర్చుంటాను.

ఇంతకీ తమరి జన్మరహస్యం మొన్న తెలిసింది. ఆ పాఠాన్ని మా సారు యూనికోడ్‌లోనే టైపు చేశారు. వర్డ్ ఫైలు ఇప్పటికీ ఆయన లాప్‌టాప్‌లో ఉంది. దాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ముద్ర వేయించి, మళ్ళీ స్కాన్ చేసి పోర్టల్‌లోకి ఎక్కించారు. ప్రాణమున్న పాఠాన్ని ముద్ర కోసం ఫొటో కట్టించారన్నమాట. ఆ వర్డ్ ఫైలు మెయిల్ చేయమని సారుని అడిగాను. “పోర్టల్‌లో ఉంది కదమ్మా!” అని ఆశ్చర్యపోయారు.

ఈ ఉత్తరం తమరు చదువుతారన్న ఆశ లేదు. నాకు కళ్ళు లేవు, తమరికి అక్షరాలు రావు. పై అధికారులెవరైనా చదివి పెడతారేమోనని రాస్తున్నాను.

ఉంటాను. మూడో యూనిట్ వచ్చినట్టు ఇప్పుడే పోర్టల్ నుంచి మెసేజ్ మోగింది. ఇది మాత్రం స్క్రీన్ రీడర్ స్పష్టంగా చదివింది: “పాఠం అప్‌లోడ్ చేశాం, చూసుకోండి.”