అందరూ అడ్మినే!

దూరం నుంచి పనిచేసే ఉద్యోగికి రిమోట్ డెస్క్‌టాప్ తెరుచుకుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ తెరుచుకుంది. ఫోన్లో కస్టమరు కార్డు నంబరు చదివేస్తున్నాడు. తీరా చూస్తే డబ్బు తీసుకునే బటన్ ఒక్కటే బూడిద రంగులో ఉంది, ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. సర్వర్లోకి రావడానికి ఒక పర్మిషన్, సాఫ్ట్‌వేర్లో కార్డు గీకడానికి ఇంకో పర్మిషన్ అట. ఇలాంటి పేచీలు పనీపాటా లేనివాళ్లే పెడతారు.

దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన మందు ఒకటే: అతన్ని అడ్మిన్ చేసెయ్యడం. అతని రోల్‌లో, అంటే అతనికిచ్చిన పర్మిషన్ల జాబితాలో, పేమెంట్స్ దగ్గర ఒక్క టిక్కు పెడితే సరిపోయేదే. కానీ ఆ టిక్కు ఎక్కడుందో వెతకాలి, ఎవరో సంతకం పెట్టాలి. ఎందుకొచ్చిన టెన్షన్! పైగా అడ్మిన్ అంటే హోదా. జీతం పెంచకుండా ఇవ్వగల ప్రమోషన్ ఇదొక్కటే.

ఇంకా మేలైన పద్ధతి, అందరికీ ఒకే లాగిన్. పాస్‌వర్డ్ మానిటర్ అంచున పసుపు చీటీ మీద ఉంటుంది కాబట్టి మరిచిపోయే భయం లేదు. రెండేళ్ల కిందటి అంకె కొట్టేసి, పక్కనే కొత్త అంకె వేసి ఉంటుంది. ఎప్పుడు ఎవరేం చేశారో రాసుకునే లాగ్ తీసి చూస్తే అర్ధరాత్రి రెండింటికి రీఫండ్ ఇచ్చింది అడ్మిన్, మధ్యాహ్నం కార్డు రెండుసార్లు గీకింది అడ్మిన్, సెలవులో ఉన్నదీ అడ్మినే. ఎవరు చేశారంటే గుంపులో గోవిందా.

కార్డు కంపెనీలు 2004లో కార్డు వివరాల భద్రతకని పీసీఐ డీఎస్‌ఎస్ అనే ఓ నిబంధనల కట్ట తెచ్చాయి. 2022లో వచ్చిన 4.0 వెర్షన్ మరీ చాదస్తం. మనిషికో ఐడీ ఉండాలట, పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలట, 15 నిమిషాలు కదలకపోతే మళ్లీ లాగిన్ అవ్వాలట. రిమోట్‌లో ఉన్నవాళ్లు కార్డు నంబరు కాపీ చేసుకోకుండా అడ్డుకోవాలట, రాతపూర్వకంగా అనుమతి ఉన్నవాళ్లకు తప్ప. మరి నోట్‌ప్యాడ్ ఎందుకున్నట్టు? డెస్క్‌టాప్ మీద ‘కొత్తది ఫైనల్ 2’ అనే ఫైలులో నంబరూ, గడువు తేదీ, సీవీవీ పద్ధతిగా దాచుకుంటున్నాం. లావాదేవీ ఆమోదం పొందాక సీవీవీ అసలు ఉంచుకోకూడదన్నది ఆ కట్టలోని మరో అమాయకపు మాట.

రిమోట్ డెస్క్‌టాప్‌కి గుమ్మం లాంటి 3389 పోర్టునైతే ఇంటర్నెట్‌కు బార్లా తెరిచే ఉంచాం. వచ్చేవాళ్లు ఇబ్బంది పడకూడదు.

ఇక ఆడిటర్ లేవనెత్తిన చివరి అభ్యంతరం: 90 రోజులు వాడని అకౌంట్లు తీసెయ్యాలి కదా, నిరుడు మానేసినాయన అకౌంటు ఇంకా ఎందుకుందని. అది మాకు వర్తించదని వినయంగా జవాబిచ్చాం. ఆ అకౌంటు రోజూ వాడకంలోనే ఉంది.