తమరి పేరు గ్రేవీయేనా?

ఇంగ్లిష్ గ్రేవీ గారికి,

ఇంగ్లండ్‌లో, లీడ్స్ ఊళ్ళోని ఒక అద్దింటి వంటగది నుంచి, కాలిన బొటనవేలితో రాస్తున్నాను.

పేరు విని మోసపోయానండీ. మా వైపు గ్రేవీ అంటే ఉల్లిపాయ, టమాటా, అల్లంవెల్లుల్లి వేగి, అంచుల్లో నూనె తేలాలి. అందుకే మా హౌస్‌మేట్ 'శనివారం సాసేజ్, మాష్, గ్రేవీ' అనగానే, 'గ్రేవీ నాకొదిలెయ్' అనేశాను. డబ్బా మూత తీస్తే తమరు గోధుమరంగు రవ్వలా ఉన్నారు. కుళాయి వేడినీళ్ళు పోశాను, ఉండలు కట్టారు. సలసల మరిగే నీళ్ళే కావాలట తమరికి! మళ్ళీ కలిపితే రంగూ చిక్కదనమూ అచ్చం ఉలవచారు. ఆశగా ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. పోపు లేదు, పులుపు లేదు, ఉలవలు అసలే లేవు.

హౌస్‌మేట్ ఆ గిన్నె చూసి, ఇంటికొచ్చిన అల్లుడికి చద్దన్నం పెట్టినట్టు మొహం పెట్టాడు. డబ్బా తమరు హడావిడి రోజులకట. అసలు తమరు ఉల్లిపాయలతో పుట్టాలట. సరేనని మూడు ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెన్నలో సన్నసెగ మీద పెట్టాను. రెసిపీలో పది నిమిషాలన్నారు. నలభై పట్టింది. ఉల్లి పాకం రంగుకు వచ్చేదాకా కలుపుతూ, మా నాయనమ్మ పాలకోవా దగ్గర ఎందుకంత విసుక్కునేదో అర్థం చేసుకున్నాను. చెంచాడు మైదా, చికెన్ స్టాక్, ఆపైన వుస్టర్ సాస్. ఆ సీసా వెనక చదివితే ఏముందనుకున్నారు? చింతపండు! అంత దొరలా నిలబడి, లోపల చింతపండు దాచుకుని తిరుగుతోంది. అప్పటికి తమరి మీద నాకు కొంచెం నమ్మకం కుదిరింది.

తమరి పక్కవాళ్ళ సంగతీ చెప్పాలి. ఇక్కడ పోర్క్ సాసేజ్ అని పేరు పెట్టుకోవాలంటే అందులో కనీసం 42 శాతం పంది మాంసం ఉండాలని రూలు. మిగతా చోటును రస్కు పొడీ నీళ్ళూ పంచుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మాంసం కరువై నీళ్ళు మరీ ఎక్కువ కలిపితే, పెనం మీద ఢామ్మని పేలేవట. సాసేజ్‌లకు బ్యాంగర్స్, అంటే ఢామ్మనేవి, అనే పేరు అలా వచ్చిందంటారు. నేను మాత్రం సన్నసెగ మీద ఇరవై నిమిషాలు దొర్లించాను. ఒక్కటీ పేలలేదు. కొంచెం నిరాశపడ్డాను కూడా.

మాష్ దగ్గరే నా తెలివి బయటపడింది. దానికి మారిస్ పైపర్ అనే పిండిపిండిగా ఉడికే బంగాళాదుంప ఉంది, 1966లో వచ్చింది, ఇప్పుడు ఇక్కడ అదే రాజు. ఉడికించి, తడి ఆరనిచ్చి, చేత్తో మెదపాలి. నేను మిక్సీలో వేశాను. గంజి అంతా బయటికొచ్చి, సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు తయారైంది. రెండోసారి బుద్ధిగా మెదిపి, వేడి పాలూ వెన్నా కలిపాను. అప్పుడు చూస్తే ఏముంది, బంగాళాదుంప ముద్దకూరే! ఆవాలు, ఎండుమిరపకాయలు, నిమ్మరసం మర్చిపోయి వచ్చినట్టుంది, అంతే.

ప్లేట్లో మాష్ పెట్టి, హౌస్‌మేట్ చెంచాతో నడిమధ్య గుంట చేశాడు. మా ఇంట్లో పప్పుచారు కోసం అన్నంలో చేసే గుంటే అది! అందులో తమరు చేరారు. గట్టు తెగి సాసేజ్ కిందికి పారారు. తమరు లేని మాష్ ఒక ముద్ద తిని చూశాను, గొంతులోనే ఆగింది. మరి ఇంత చేసి తమరికి దక్కిందేమిటి? వంటకం పేరు 'సాసేజ్ అండ్ మాష్'. తమరి ఊసే లేదు. 42 శాతంవాడికి పేరుంది, జిగురుగాడికి పేరుంది. మా దగ్గర పప్పుకు పేరొచ్చి పోపుకు రానట్టే ఉందండీ తమరి బతుకు.

మిగిలిన తమరు ప్రస్తుతం ఫ్రిజ్‌లో, చిన్న గిన్నెలో గడ్డకట్టి ఉన్నారు. రేపు పొద్దున వేడిచేసి ఇడ్లీలో నంజుకుందామనుకుంటున్నాను. వీడియో కాల్‌లో అమ్మ కంట పడితే మాత్రం తమరు ఉలవచారు. గుర్తుపెట్టుకోండి.

ఇట్లు,
సింకు నిండా గిన్నెలతో,
తమ కొత్త అభిమాని