ఎల్లిస్ ఐలాండ్ గుమాస్తా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుమాస్తా గారికి,

అమెరికాలోని ఫాల్ రివర్ నుంచి ఒక తెలుగు కోడలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగను, ఎందుకో మీకే తెలుస్తుంది.

న్యూయార్క్ రేవులో, ఓడ దిగిన వలసవాళ్ళను ప్రశ్నించి లోపలికి పంపే ఎల్లిస్ ఐలాండ్‌లో తమరు కూచునేవారట. వందేళ్ళుగా మాత్రం మీరు మా అత్తగారింట్లో కొలువు చేస్తున్నారు. థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర టర్కీ కొయ్యకముందే మీరు హాజరు. మావారి ముత్తాత ఓడ దిగి 'పెరేరా' అంటాడు. మీకు నోరు తిరగదు. 'పెర్రీ' అని గీకి పారేసి 'నెక్స్ట్' అంటారు. ఆ 'నెక్స్ట్' దగ్గర అత్తగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, గొంతు మార్చి మరీ అంటారు. పిల్లలు పడీపడీ నవ్వుతారు.

మీ మాట నమ్మి నిన్న మధ్యాహ్నమంతా న్యూయార్క్ రేవు జాబితాలు తిరగేశాను. పెరేరా, పెరైరా, పరేరా, పెర్రీ. స్పెల్లింగుని ఎన్ని వంకర్లు తిప్పచ్చో అన్నీ తిప్పాను. కళ్ళు బైర్లు కమ్మాయి. చీకటి పడ్డాక ఫోన్ చేస్తే అత్తగారు తాపీగా, "న్యూయార్కా? ఆయన దిగింది ప్రావిడెన్స్‌లో కదమ్మా, ఫాబ్రె కంపెనీ ఓడలో" అన్నారు.

మరి గుమాస్తా?

"ఆయనా ఉన్నాడు."

అయ్యా, తమరి కుర్చీ ఏ రేవులో? ఫాబ్రె ఓడలు ప్రావిడెన్స్‌కు రావడం మొదలైంది 1911లో. అంతకుముందు ముత్తాత పుట్టిన అజోరెస్ దీవుల (పోర్చుగల్ వాళ్ళవి) కుర్రాళ్ళు తిమింగలాల వేట ఓడలెక్కి న్యూ బెడ్‌ఫర్డ్ చేరారు. ఎల్లిస్ ఐలాండ్ తలుపులు తెరిచిందే 1892లో. అంతకు ముందొచ్చినవాళ్ళ ఇళ్ళలోనూ మీ కథే చెబుతున్నారు! పోనీ ఆ తర్వాతైనా మీకక్కడ పనుందా అంటే, అదీ లేదు. జాబితా రాసేది బయల్దేరే రేవులో ఓడ కంపెనీవాళ్ళు. ఎల్లిస్ ఐలాండ్ ఇన్‌స్పెక్టర్లు ఆ కాగితం ముందు పెట్టుకుని, అవసరమైతే దుబాసీని పిలిపించి, ప్రశ్నలడిగి పంపించేవారు. కొత్త పేర్లు పెట్టే బారసాల ఎవరూ చెయ్యలేదు.

మీ ధ్యాసలో పడి మిగతావాళ్ళని వదిలేస్తాననుకోకండి. ఆ దీవుల ఫాదర్లు బాప్తిస్మం పుస్తకంలో పిల్ల పేరు 'మరియా' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఊళ్ళో సగంమంది మరియాలే. అమ్మానాన్నల పేర్లూ తాతల పేర్లూ రాశారు, అందుకు మాత్రం దండం. పెద్దయ్యాక అన్నది ఒక ఇంటిపేరు, తమ్ముడిది ఇంకొకటి. చుట్టాల్లో పెళ్ళిళ్ళకు చర్చి ఇచ్చిన అనుమతి కాగితాలున్నాయి, వరసలన్నీ విప్పి రాసినవి. మావారికి అవి చూస్తే బుర్ర తిరిగింది. మేనరికాల ఇంట పుట్టినదాన్ని, నాకు మంచినీళ్ళ ప్రాయం.

అసలు సంగతికొస్తాను. రాత్రి పంతం పట్టి కూచుంటే ఒక కార్డు దొరికింది. 1917 జూన్ 5న సైన్యం కోసం కుర్రాళ్ళందరి పేర్లూ నమోదు చేసుకున్నారు కదా, ఆ కార్డు. పైన అధికారి చేతిరాత: పుట్టింది అజోరెస్, పని నూలు మిల్లులో, పేరు పెరేరా. అవును, పెరేరానే! అధికారికి నోరు బ్రహ్మాండంగా తిరిగింది. కింద ముత్తాత సంతకం. ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాశాడు, మధ్యలో సిరా ముద్దకట్టింది, చివరి అక్షరం తోక కార్డు అంచుదాకా లాగాడు. పెర్రీ.

ఎవరూ కత్తిరించలేదయ్యా. ఆయనే కత్తిరించుకున్నాడు. మిల్లులో ఎవరైనా ఎగతాళి చేశారో, ఇల్లు అద్దెకివ్వం పొమ్మన్నారో, ఊరికే ముచ్చటపడ్డాడో. ఏదైనా అది ఆయన సొంత నిర్ణయం. దాన్ని మీరు కాజేశారు. సముద్రం దాటొచ్చి, కొత్త భాషలో సంతకం నేర్చుకున్న మనిషిని పట్టుకుని, తన పేరు తాను చెప్పుకోలేని వెర్రిబాగులవాడిగా వందేళ్ళు రేవులో నిలబెట్టారు. సిగ్గులేదూ?

కార్డు ఇవాళ అత్తగారికి చూపించాను. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "అయితే గుమాస్తా వెనకాల నించుని చెప్పుంటాడు, అలా సంతకం పెట్టమని" అన్నారు.

వచ్చేవారం ప్రావిడెన్స్ జాబితాలు మొదలుపెడుతున్నాను. దయచేసి అటు రాకండి.

ఇట్లు,
ఒళ్ళు మండిన
పెర్రీ వారి కోడలు